72 షెవీ పికప్‌కి 68 జీఎంసీ రేకులు పడతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది 1972 షెవర్లే సీ10 పికప్, లాంగ్ బెడ్ (వెనక సరుకు వేసే తొట్టి పొడుగుది), ఫ్లీట్‌సైడ్ (ఆ తొట్టి పక్కలు నున్నగా, వెడల్పుగా ఉండే రకం). ఒక్క దెబ్బకి ఎడమ ఫెండర్ (ముందు చక్రం మీది రేకు), బానెట్ పోయాయి. డ్రైవర్ తలుపు కింది భాగం తుప్పు తినేసింది. టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) సొట్టలు పడి సరిగ్గా మూసుకోవడం లేదు. ఒకాయన దగ్గర 1968 జీఎంసీ (షెవర్లేకి అన్నదమ్ముడు, రెండూ జనరల్ మోటార్స్‌వే) విప్పేసి పెట్టి ఉంది, ఇంకొకాయన దగ్గర 1970 సబర్బన్ (పికప్ మీద కట్టిన పెద్ద కుటుంబ బండి) తలుపు ఉంది. ఇద్దరూ "67 నుంచి 72 దాకా అన్నీ ఒకటే, పట్టుకెళ్లండి" అంటున్నారు, తీసుకోవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను, ఓపిక ఉంటే మిగతాది తర్వాత చదువుకోండి. టెయిల్‌గేట్ తీసుకోండి, ఆ జీఎంసీది కూడా వెడల్పు బెడ్ అయితేనే. సబర్బన్ తలుపు తీసుకోండి, లోపల కొంచెం పని పడుతుంది కానీ బండికి ఎక్కుతుంది. బానెట్ వద్దు. ఫెండర్ దగ్గర మాత్రం ఆగండి, దాని గురించి వివరంగా చెప్పాలి.

"అన్నీ ఒకటే" అనే మాట సగం నిజం, అందుకే అది అంత ప్రమాదం. నేను వారాంతాల్లో ఈ పాత పికప్‌ల మీద పనిచేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది, నా డబ్బు ఎక్కువగా పోయింది పూర్తి అబద్ధాల వల్ల కాదండీ, ఇలాంటి సగం నిజాల వల్లే. ఒక రేకు ఇంకో బండికి పడుతుందా అని చూసేటప్పుడు అందరూ సంవత్సరం అడుగుతారు. నేను ఆ రేకు అంచులు చూస్తాను. ఫెండర్‌నే తీసుకోండి. దానికి నలుగురు ఇరుగుపొరుగు ఉంటారు: వెనక తలుపు, పైన బానెట్, ముందు గ్రిల్, దాని చుట్టూ ఉండే ఫ్రేము, లోపల రేడియేటర్‌ని పట్టుకునే కోర్ సపోర్ట్. కింద క్యాబ్‌కి (డ్రైవర్ కూర్చునే గది) బిగించే బోల్టు ఒకటి వేరే. ఈ నలుగురిలో ఒక్కరి ఆకారం కంపెనీవాళ్లు మార్చినా ఆ అంచు దగ్గర మీ ఫెండర్ పరాయిదైపోతుంది, మిగతా మూడు అంచులూ చక్కగా కూర్చున్నా సరే. అందుకే ఎవరైనా "పడుతుంది" అంటే, ఏ అంచు దగ్గర పడుతుంది అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆయనకు తెలియదన్నమాట.

ఇప్పుడు మీ బండికి వద్దాం. 1967-72 షెవీ, జీఎంసీ పికప్‌ల క్యాబ్ ఒకటే. తలుపుల దగ్గర, కౌల్ (ముందు అద్దం కింది రేకు) దగ్గర కొలతలు మారలేదు. మారింది ముక్కు. 1969లో షెవర్లేవాళ్లు బానెట్ ముందు భాగాన్ని ఎత్తుగా, మొద్దుగా చేశారు, దానికి తగ్గట్టు గ్రిల్ మార్చారు. అంటే 67-68 షెవీ ఒక రకం, 69-72 షెవీ ఇంకో రకం. మీ 72 గ్రిల్ మీద ఆ 68 జీఎంసీ బానెట్ పెడితే వెనక కౌల్ దగ్గర బాగానే కూర్చుంటుంది, హింజీల బోల్టులు కూడా పడతాయి, ముందుకొచ్చి చూస్తే గ్రిల్‌కీ బానెట్‌కీ పొంతన ఉండదు. ఇది గొట్టంతో ఊది, సుత్తితో కొట్టి సరిచేసే తేడా కాదు.

ఫెండర్ సంగతి. వెనక అంచు మీ తలుపుతో కలుస్తుంది, అనుమానం లేదు. ముందు భాగం దగ్గరే జాగ్రత్త కావాలి. 1967 ఫెండర్‌కి సైడ్ మార్కర్ లైటు (పక్కన వెలిగే చిన్న లైటు) ఉండదు, 1968 నుంచి అది పెట్టారు కాబట్టి రంధ్రం వచ్చింది. బ్యాడ్జీ రంధ్రాల చోటు కూడా ఏళ్లను బట్టి మారుతుంది. మీ కుడి ఫెండర్ 72ది ఉండి ఎడమది 68ది వేస్తే ఎదురుగా నిలబడి చూసినవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎక్కడో చెప్పలేకపోవచ్చు. కాబట్టి నా సలహా: ఎడమ ఫెండర్ ఒక్కటే కావాలంటే 69-72ది వెతకండి, ఈ 68ని వదిలేయండి. ఒకవేళ ఆయన ఆ జీఎంసీ ముందు భాగం మొత్తం, అంటే రెండు ఫెండర్లు, బానెట్, గ్రిల్, కోర్ సపోర్ట్, లోపలి ఫెండర్లు, బానెట్ తాళం అన్నీ కలిపి ఇస్తానంటే అది వేరే కథ. మొత్తం క్లిప్‌గా తెస్తే మీ క్యాబ్‌కి బోల్టు మీద ఎక్కేస్తుంది. అప్పుడు మీది జీఎంసీ ముఖం ఉన్న షెవీ అవుతుంది, కొందరికి అదే ఇష్టం, కొందరు చూస్తే ముఖం చిట్లిస్తారు. మీ బండి, మీ ఇష్టం.

ముక్కలుగా కొనడం కంటే గంపగుత్తగా కొనడం మేలని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే. ఫెండర్ విడిగా చవక అనిపిస్తుంది. ఆ తర్వాత దాని బ్రాకెట్టు, దాని లైటు గిన్నె, దాని తాలూకు ప్రత్యేకమైన బోల్టు, లోపలి ఫెండర్ మీదుండే చిన్న సపోర్టు, ఒక్కొక్కటీ వెతుక్కుంటూ నెలలు పోతాయి. విప్పేటప్పుడు అన్నీ కలిపి తెచ్చుకుంటే మీకు అక్కర్లేనివి ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా.

సబర్బన్ తలుపు గురించి. 67-72 సబర్బన్‌కి డ్రైవర్ వైపు ఒక తలుపు, అటువైపు రెండు తలుపులు ఉంటాయి. ముందు తలుపులు పికప్‌వే. 1970 తలుపు మీ 72 హింజీల మీద హాయిగా వేలాడుతుంది, బయటి ఆకారం ఒకటే. 72లో లోపలి వైపు, అట్ట ప్యానెల్ బిగించే పద్ధతి మారింది కాబట్టి మీ పాత ప్యానెల్, హ్యాండిళ్లు నేరుగా ఎక్కవు. ఆ 70 తలుపుతో పాటు దాని లోపలి ప్యానెల్, హ్యాండిళ్లు కూడా అడిగి తీసుకోండి. రెండు వైపులా ఒకేలా ఉండాలంటే మీ పాత తలుపు కింద తుప్పు ఎంత పాకిందో చూడండి. బయటి రేకు అడుగున నాలుగైదు అంగుళాలే పోయి ఉంటే, ఆ ముక్క కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయడం కొత్త తలుపు వెతకడం కంటే తేలిక. తలుపు లోపలి రేకు కూడా పోయి ఉంటే ఆలోచించకండి, మార్చేయండి.

ఇక్కడ చాలామందికి తట్టని ఒక దారి చెప్తాను. పికప్ తలుపు కావాలని పికప్‌లనే వెతుకుతారు, వాటి కోసం పోటీ ఎక్కువ, ధర కూడా ఎక్కువ. అదే క్యాబ్‌ని కంపెనీ పెద్ద లారీలకూ వాడింది. మీ తరం జీఎం బండ్లలో సీ50, సీ60 అని మీడియం లారీలు ఉంటాయి, పొలాల్లో ధాన్యం తోలినవి, ఊరి ఫైర్ స్టేషన్లలో పనిచేసినవి. వాటి బానెట్, ఫెండర్లు వేరు, పనికిరావు. తలుపులు, క్యాబ్ వెనక గోడ, పైకప్పు మీవే. ధాన్యం లారీ ఏడాదికి నెలో రెండు నెలలో నడిచి మిగతా కాలం కొట్టంలో ఉండిపోతుంది కాబట్టి తలుపుల అడుగు చాలాసార్లు గట్టిగా ఉంటుంది. దాన్ని రిస్టోర్ చేసేవాడు తక్కువ, అందుకే చాలావరకు పాత ఇనుము ధరకే ఇచ్చేస్తారు. ఫోర్డ్‌లో ఎఫ్-600, డాడ్జ్‌లో డీ-600, ఇదే పద్ధతి. నేను వేసిన మంచి తలుపుల్లో సగం ఇలాంటి లారీల నుంచి వచ్చినవే. అడ్డగోలుగా పెద్ద అద్దాల బ్రాకెట్ రంధ్రాలు ఉంటాయి, వాటిని పూడ్చుకోవాలి, అంతే.

టెయిల్‌గేట్ విషయంలో సంవత్సరం కంటే బెడ్ రకం ముఖ్యం. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టి మనల్ని తికమక పెట్టింది. చక్రాల మీది డొప్పలు బెడ్‌కి బయట కనిపించే రకాన్ని షెవర్లే స్టెప్‌సైడ్ అంది, జీఎంసీ ఫెండర్‌సైడ్ అంది, ఫోర్డ్ ఫ్లేర్‌సైడ్ అంది, డాడ్జ్ యుటిలైన్ అంది. నున్నటి వెడల్పు రకాన్ని వరసగా ఫ్లీట్‌సైడ్, వైడ్‌సైడ్, స్టైల్‌సైడ్, స్వెప్ట్‌లైన్ అన్నాయి. స్టెప్‌సైడ్ టెయిల్‌గేట్ వెడల్పు తక్కువ, మీ ఫ్లీట్‌సైడ్‌కి చస్తే పట్టదు. అదే వైడ్‌సైడ్ అయితే మీ బెడ్‌కి సరిగ్గా సరిపోతుంది, మీద జీఎంసీ అని ఉంటుంది, అంతే తేడా. తెచ్చేముందు రెండు చివరలా ఉండే ఇరుసు ముక్కలు అరిగిపోలేదు కదా అని చూసుకోండి.

బెడ్ పక్క రేకులు కూడా కావాల్సి వస్తే పొడవు మర్చిపోకండి. మీ తరంలో పొట్టి బెడ్ ఆరున్నర అడుగులు, 115 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం). పొడుగుది ఎనిమిది అడుగులు, 127 అంగుళాలు. లాంగ్‌హార్న్ అని ఇంకా పొడవైనది కూడా అప్పట్లో అమ్మారు, చూసి మోసపోకండి.

మీలాంటి ప్రశ్నే వేరే బండ్ల మీద కూడా తరచూ వస్తుంటుంది కాబట్టి ఎక్కడెక్కడ గీత పడిందో, అంటే ఏ ఏడాది ఆకారం మారిందో, నాకు బాగా తెలిసినవి చెప్పేస్తాను.

1947-55 షెవీల్లో (55 మొదటి భాగం వరకే, అదే ఏడాది మధ్యలో కొత్త బండి వచ్చింది) గ్రిల్ 53 వరకు అడ్డ కమ్మీలతో ఉంటుంది, 54లో పూర్తిగా మారింది. ముందు అద్దం కూడా 53 వరకు రెండు ముక్కలు, 54 నుంచి ఒకటే. తలుపుకి 51లో చిన్న వెంట్ కిటికీ (గాలి కోసం తెరిచే చిన్న అద్దం) వచ్చింది, 52లో బయటి హ్యాండిల్ తిప్పేది పోయి నొక్కేది వచ్చింది. అంటే తలుపు హింజీకి ఎక్కినా, ఎడమవైపు వెంట్ కిటికీ ఉండి కుడివైపు లేకపోతే చూడటానికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. 55-59 బండ్లలో 58 నుంచి నాలుగు హెడ్‌లైట్లు, కాబట్టి ముందు భాగం అక్కడ తెగిపోతుంది. 60-66లో 63 వరకు చుట్టూ వంగిన ముందు అద్దం, 64 నుంచి చదునైనది, దాంతో తలుపు ముందు అంచు కూడా మారింది. బానెట్ మాత్రం వేరే చోట, 62లో మారింది. చూశారా, తలుపు గీత ఒకచోట, బానెట్ గీత ఇంకోచోట! "60-66 ఒకటే" అన్న ముక్కతో ఇక్కడ ఏం చేస్తారు?

73-87 స్క్వేర్ బాడీ జీఎం బండ్లు మాత్రం వరం. అదే ముఖం, అవే తలుపులు సబర్బన్, బ్లేజర్లలో 91 దాకా నడిచాయి. అంటే ఒక 73 పికప్‌కి 90 సబర్బన్ ముందు తలుపు వేలాడుతుంది, లోపలి సామాను మార్చుకోవాలి. ముఖంలో పెద్ద గీత 81: బానెట్, ఫెండర్లు, గ్రిల్ అప్పుడు మారాయి. బెడ్‌లో చిన్న గీత 79: అంతకుముందు పెట్రోల్ మూత బయటికే కనిపించేది, 79 నుంచి దాని మీద చిన్న తలుపు వచ్చింది. రెండు ట్యాంకుల బండి బెడ్‌కి రెండు వైపులా రంధ్రాలుంటాయి, ఒక ట్యాంకు బండికి అది వేస్తే రెండో రంధ్రం మూయాలి.

ఫోర్డ్‌లో 67-72 ఒక తరం, 73-79 ఒక తరం. 78-79 బ్రాంకో ముందు భాగం, తలుపులు ఆ కాలపు ఎఫ్-150వే. 80 నుంచి 96 దాకా క్యాబ్ ఒకటే, తలుపులు ఎక్కుతాయి, కిటికీ యంత్రం, వైర్లు, అద్దాలు మాత్రం చూసుకోవాలి. ముఖం 87లో ఒకసారి, 92లో ఒకసారి మారింది, బెడ్ 87లో మారింది. డాడ్జ్‌లో 72లో వచ్చిన క్యాబ్‌నే 93 దాకా లాగారు, 81లో ముఖం మార్చి రామ్ అన్నారు. వీటికి కొత్తగా తయారుచేసే రేకులు షెవీ, ఫోర్డ్‌లకు దొరికినంతగా దొరకవు, కాబట్టి డాడ్జ్ కొనేముందే రేకులు చూసి కొనండి, ఇంజిన్ తర్వాత.

కెనడా నుంచి వచ్చిన బండ్లు కనిపిస్తే భయపడకండి. అక్కడ ఫోర్డ్ పికప్‌నే మెర్క్యురీ పేరుతో, డాడ్జ్‌నే ఫార్గో పేరుతో అమ్మారు. గ్రిల్, అక్షరాలు వేరు, క్యాబ్ మామూలుదే. ఇంకో విడ్డూరం: స్టూడ్‌బేకర్ చాంప్ అని 60-64 మధ్య ఒక పికప్ ఉండేది, దాని వెడల్పు బెడ్‌ని వాళ్లు సొంతంగా చేయలేదు, డాడ్జ్ వాడి పక్కన పడేసిన అచ్చులు కొని నొక్కారు. అందుకే ఆ బండిలో బెడ్ క్యాబ్ కంటే వెడల్పుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పాత డాడ్జ్ బెడ్ పక్క రేకు కోసం తిరిగేవాడు స్టూడ్‌బేకర్ దగ్గరికి వెళ్లాలని ఎవరికి తడుతుంది చెప్పండి!

నేను ఈ అంచుల పిచ్చిలో పడటానికి కారణం ఒక 1956 ఫోర్డ్ ఎఫ్-100. దానికి ఎడమ తలుపు కావాలి. ఒక జంక్‌యార్డ్ (పాత బండ్లు విప్పి అమ్మే చోటు) ఆయన ఫోన్‌లో "53 నుంచి 56 దాకా ఒకటే క్యాబ్, నా దగ్గర 55 తలుపు కడిగిన ముత్యంలా ఉంది" అన్నాడు. నాలుగు గంటలు నడుపుకుంటూ వెళ్లి, డబ్బు కట్టి, దుప్పటి చుట్టి మరీ తెచ్చాను. ఇంటికొచ్చి పట్టి చూస్తే కిటికీ ముందు అంచు ఎటో, బండి స్తంభం ఎటో. 56 ఒక్క ఏడాదికే ఫోర్డ్ చుట్టూ వంగే ముందు అద్దం పెట్టింది, దానికోసం క్యాబ్ స్తంభం, తలుపు రెండూ మార్చింది, 57లో బండే కొత్తది వచ్చేసింది. అంటే 56 తలుపు 56కే. అమ్మినాయన వెనక్కి తీసుకోలేదు, నేను అడిగిన తీరూ అలాగే ఉందిలెండి. ఆ తలుపు చాలా ఏళ్లు మా గ్యారేజీ గోడకి ఆనించే ఉంది, వచ్చినవాళ్లందరూ అదేంటని అడిగేవాళ్లు.

అప్పటినుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. ఒకటి, హాలండర్ పుస్తకం చూడకుండా బయల్దేరను. హాలండర్ ఇంటర్‌చేంజ్ మాన్యువల్ అని 1934 నుంచి వస్తోంది, ఏ భాగం ఏయే బండికి ఏయే సంవత్సరాల్లో పడుతుందో ఒక్కో నంబరు కింద రాసి ఉంటుంది, జంక్‌యార్డులు నడిచేదే దాని మీద. కార్-పార్ట్ డాట్ కామ్‌లో యార్డుల సరుకు వెతికేటప్పుడు వెనకాల పనిచేసేది కూడా ఆ నంబర్లే. మీకు కావాల్సింది కొత్త సంచిక కాదు, మీ బండి కాలానికి దగ్గరలో అచ్చయిన పాత సంచిక, ఎందుకంటే కొత్తవాటిలో పాత బండ్లు తగ్గిపోతాయి. దాంతో పాటు పాత పికప్ విడిభాగాలు అమ్మే ఎల్‌ఎంసీ ట్రక్ లాంటి వాళ్ల క్యాటలాగ్ ఒకటి దగ్గర పెట్టుకోండి, కొనకపోయినా సరే. వాళ్లు ఒక వస్తువుని "67-68", "69-72" అని రెండు వరసల్లో విడగొట్టారంటే అక్కడ గీత ఉందన్నట్టే.

ఫోర్డ్ వాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది, భాగం నంబరే కథ చెప్తుంది. సీ7టీజెడ్-16006 అని ఉందనుకోండి. మొదటి అక్షరం దశాబ్దం: బీ అంటే యాభైలు, సీ అరవైలు, డీ డెబ్బైలు, ఈ ఎనభైలు. తర్వాతి అంకె సంవత్సరం, అంటే ఇది 67. టీ అంటే ట్రక్, జెడ్ అంటే విడిభాగంగా అమ్మినది. 16005 కుడి ఫెండర్, 16006 ఎడమది, 16612 బానెట్. ఒక్క జాగ్రత్త, ఆ సంవత్సరం భాగం పుట్టిన ఏడాదే తప్ప అది ఎప్పటిదాకా వాడారో చెప్పదు.

రెండో అలవాటు అట్ట. మీ పాత రేకుని పెద్ద అట్ట మీద బోర్లించి అంచులు గీసుకోండి, బోల్టు రంధ్రాలు గుర్తుపెట్టుకోండి, కత్తిరించి బండిలో వేసుకెళ్లండి. యార్డులో ఆ అట్ట రేకు మీద పెట్టగానే రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ఎవరి జ్ఞాపకశక్తినీ నమ్మక్కర్లేదు. పిల్లల ప్రాజెక్టులా ఉంటుంది, నవ్వేవాళ్లు నవ్వుతారు.

యార్డుకి వెళ్లినప్పుడు జేబులో ఒక బలహీనమైన అయస్కాంతం ఉంచుకోండి, ఫ్రిజ్‌కి అంటించేది చాలు. బలమైనదైతే పుట్టీ మీద కూడా అంటుకుని మోసం చేస్తుంది. ఫెండర్ వెనక కింది మూల, తలుపు అడుగు, క్యాబ్ మూలలు, రాకర్ (తలుపు కింది గడప), పైకప్పు చుట్టూ నీళ్లు జారే కాలువ, ఈ చోట్ల అయస్కాంతం జారిపోతే లోపల పుట్టీ ఉందని అర్థం. ఫెండర్‌ని తప్పకుండా వెనక్కి తిప్పి చూడండి. పైన రంగు కొత్తగా మెరుస్తూ లోపలి వైపు సుత్తి గుర్తులుంటే మీరు ఇంకొకడి టింకరింగ్ కొంటున్నారు.

ఎక్కడినుంచి వచ్చిన రేకు అనేది కూడా అడగాలి. మిచిగన్, ఒహాయో వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ బండ్ల అడుగు భాగాలు జల్లెడలైపోతాయి. అరిజోనా, న్యూ మెక్సికో ఎడారి బండ్లకి రేకు గట్టిగా ఉంటుంది, రంగు ఎండకి పోయి ఉంటుంది, రబ్బరు, డ్యాష్‌బోర్డు, సీటు మాత్రం పెళుసెక్కి పోతాయి. కాబట్టి రేకుని ఎడారి నుంచి తెచ్చుకుని, లోపలి ప్లాస్టిక్ సామాను చల్లటి చోటు నుంచి తెచ్చుకోండి. పెన్సిల్వేనియాలో హెర్షీ, కార్లైల్, టెక్సాస్‌లో పేట్, కాలిఫోర్నియాలో పొమోనా, ఇలాంటి స్వాప్ మీట్లకి (పాత విడిభాగాల సంతలు) వెళ్లగలిగితే వెళ్లండి, ఫోటోలో కనిపించనివి చేత్తో తడిమి చూడొచ్చు.

కొత్తగా అచ్చు కొట్టిన రేకుల మీద నాకు కోపం లేదు, నేనూ వాడతాను. మీ తరానికి దాదాపు ప్రతి రేకూ కొత్తగా దొరుకుతుంది. కాకపోతే పెట్టెలోంచి తీసి నేరుగా రంగు వేయకండి. ముందు బండికి బిగించి, అన్ని గ్యాపులూ చూసి, బోల్టు రంధ్రం సాగదీయాల్సి వస్తే సాగదీసి, మడత తిరిగి ఉంటే తిప్పి, అప్పుడు విప్పి రంగు వేయండి. రంగు వేశాక పడలేదంటే కంపెనీ వెనక్కి తీసుకోదు, పెయింటరూ డబ్బు వెనక్కి ఇవ్వడు. ఆ నల్లటి పూత చాలా వాటికి తుప్పు పట్టకుండా తాత్కాలికంగా వేసేది, దాన్ని గీరి ప్రైమర్ కొట్టాలి. నా మటుకు నాకైతే, తుప్పు లేని పాత కంపెనీ ఫెండర్ చిన్న సొట్టతో దొరికితే కొత్తదాని కంటే అదే ఎక్కువ విలువ, సొట్ట తీయడం తేలిక, తప్పు ఆకారాన్ని సరిచేయడం నరకం.

బిగించే వరస గురించి ఒక్క మాట, చాలామంది తలకిందులుగా చేసి రేకు బాలేదంటారు. ముందు క్యాబ్ కింద రబ్బర్లు. అవి నలిగిపోయి ఉంటే క్యాబ్ ఒక మూలకి దిగి ఉంటుంది, మీరు పైన ఎంత సర్దినా గ్యాపు రాదు. తర్వాత హింజీ పిన్నులు, తలుపు ఎత్తి చూస్తే ఊగుతోందంటే అవి మార్చాలి. తలుపుని క్యాబ్‌కి సరిచేశాక ఫెండర్‌ని తలుపుకి, ఆ తర్వాత బానెట్‌ని ఫెండర్లకి సరిచేయండి. పాత ఫెండర్ విప్పేటప్పుడు బోల్టుల వెనక పల్చటి రేకు బిళ్లలు, షిమ్స్ వస్తాయి, ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో సంచిలో వేసి పేరు రాసుకోండి. బానెట్ పెట్టేముందు దాని హింజీలకి నూనె పట్టించండి, బిగుసుకుపోయిన హింజీ ఉంటే మొదటిసారి మూసేటప్పుడే కొత్త బానెట్ మధ్యకి మడత పడిపోతుంది, ఇది నేను కళ్లారా చూశాను.

మీకు క్యాబ్ మొత్తం మార్చే ఆలోచన వస్తే, ఇప్పుడు కాకపోయినా తర్వాత, రెండు విషయాలు. ఫ్యాక్టరీ ఏసీ ఉన్న బండి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబ్‌కీ మధ్య గోడ) కోత వేరు, ఏసీ లేనిదానికి వేరు. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో నేల మీద గేర్‌బాక్స్ గుబ్బ ఎత్తుగా ఉంటుంది. ఇక కాగితాలు: మీ 72 వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) పలక తలుపు తీస్తే కనిపించే క్యాబ్ స్తంభానికి రివెట్లతో ఉంటుంది, పాత ఫోర్డుల్లో అయితే ఆ సమాచార పలక చాలా ఏళ్లపాటు డ్రైవర్ తలుపు మీదే ఉండేది. ఆ రివెట్లు ఊడబీకి ఇంకో క్యాబ్‌కి కొట్టేద్దామని ఎవరైనా చెప్తే వినకండి, వీఐఎన్ తీసి మార్చడం ఫెడరల్ చట్టం కింద నేరం దాకా పోతుంది. ముందు మీ రాష్ట్రం డీఎంవీని (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) అడిగి, వాళ్లు చెప్పినట్టే చేయండి. తలుపు, ఫెండర్, టెయిల్‌గేట్‌తో మీ బండికి ఆ గొడవ లేదు.

కాబట్టి ఈ శనివారం సబర్బన్ ఆయనకి ఫోన్ చేసి తలుపుతో పాటు లోపలి ప్యానెల్, హ్యాండిళ్లు ఇస్తాడా అని అడగండి, వెళ్లేటప్పుడు అయస్కాంతం మర్చిపోకండి. జీఎంసీ ఆయన్ని బెడ్ ఫోటో పంపమనండి. వైడ్‌సైడ్ అయితే టెయిల్‌గేట్ తెచ్చుకోండి. బానెట్, ఎడమ ఫెండర్ కోసం 69-72 షెవీ అని మాత్రమే వెతకండి, రెండూ ఒకే బండి నుంచి వస్తే ఇంకా మంచిది. మీ గ్లవ్ బాక్స్ మూత లోపల ఫ్యాక్టరీ స్టిక్కర్ ఉంటే దాని ఫోటో, కుడి ఫెండర్ సైడ్ మార్కర్ ఫోటో రెండూ పంపండి, బ్యాడ్జీ రంధ్రాలు ఎక్కడ ఉండాలో చూసి చెప్తాను.